రెండు విలాసాలు

ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఈమధ్య నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. రాసినావిడ పేరూ, ఊరూ చెప్పను. "మా పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది. ఒక్కసారి పిల్లలు లేకుండా మేమిద్దరమే పట్నం వెళ్ళి, పెద్ద హోటల్లో రెండు రోజులు వుండి రావాలని వుంది. ఏ హోటలు మంచిదో ఎట్లా తెలుస్తుంది? ఎంతవుతుంది? దయచేసి నవ్వకండి" అని రాసిందావిడ.

నవ్వలేదమ్మా. ఆ పని నేనూ ఈ సంక్రాంతికి ముందే చేసి వచ్చాను. హోటలు సంగతి తరువాత చెపుతాను గాని, "నవ్వకండి" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. గుడికి వెళ్ళొస్తామంటే ఎవరూ నవ్వరు. పెళ్ళికి వెళ్ళొస్తామంటే నవ్వరు. ఆస్పత్రికంటే అసలే నవ్వరు. నలభై దాటిన మొగుడూ పెళ్ళాలు ఊరికే ఒకచోట కలిసి వుండటానికి డబ్బు పెట్టి గది తీసుకుంటామంటే మాత్రం, ముందుగానే క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తున్నది. కొత్త దంపతులను ఆషాఢమాసంలో విడదీయాలని మన పెద్దలు ఆచారం పెట్టారు. పాత దంపతులను ఏదో ఒక మాసంలో కలపాలని మాత్రం ఎవరికీ తోచలేదు!

నా సంగతి చెపుతాను. నేను పాఠాలు చెప్పే కాలేజీ నంద్యాలలో వుంది. మావారు బడిపంతులు. ఆయన ఉద్యోగమూ, మా అత్తగారూ ఆళ్ళగడ్డలో. మధ్య దూరం 40 కిలోమీటర్లు. శిరివెళ్ళ మీదుగా బస్సులో గంట ప్రయాణం. రోజూ తిరగలేని దూరమేమీ కాదు. ఆయన కొన్నేళ్ళు తిరిగారు కూడా. కాని ఆరేళ్ళ కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. మామగారు కట్టించిన ఇల్లు వదిలి ఆమె రానన్నది. వొళ్ళు పుండ్లు పడకుండా రాత్రిళ్ళు రెండు మూడు గంటల కొకసారి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పగలు పనిమనిషి వుంటుంది. రాత్రి మావారు. అందుకని ఆయన అక్కడే వుండిపోయారు. పిల్లల చదువుల కోసం నేను నంద్యాలలో వుండిపోయాను.

శనివారం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కుతాను. సోమవారం తెల్లవారుజామున తిరిగి వస్తాను. అక్కడ హాల్లో అత్తమ్మ మంచం, మంచం పక్కన మావారి చాప. ఇక్కడ రెండు గదులు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ పుస్తకాలు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇట్లా బతికే ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు!

మన భాషలో 'విలాసం' అన్న మాటకు చిరునామా అని కూడా అర్థం వుంది. పూర్వం ఉత్తరాల చివర "నా విలాసము" అని రాసి, కింద ఇంటి నెంబరు వేసేవారు. శ్లేషకు ఉదాహరణగా ఒకసారి క్లాసులో, "ఒకాయనకు విలాసాలు రెండున్నాయి గాని, విలాసం ఒక్కటీ లేదు" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ ఆదివారం ఇదే మాట మావారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపాగి, "ఎక్కడికైనా పోదామా?" అన్నారు.

ఎక్కడికి? మా చుట్టుపక్కల క్షేత్రాలకు కొదవ లేదు. నంద్యాల చుట్టూ నవనందులు. మహానంది కోనేరు పక్కనే. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పాతిక కిలోమీటర్లు. రెండు చోట్లా పర్యాటకశాఖ వారి హరిత హోటళ్ళున్నాయి. "అహోబిలం పోండి, పుణ్యం కూడా వస్తుంది" అన్నారు మా స్టాఫు రూములో. నిజమే. కాని అహోబిలంలో మావారి శిష్యుడో, మా బంధువో ఎదురుపడని వీధి లేదు. ఎదురుపడిన వాళ్ళ మొదటి ప్రశ్న ఏమిటో మాకు తెలుసు: "మరి అమ్మ దగ్గర ఎవరున్నారు?" అందుకని హైదరాబాదే అనుకున్నాం. పట్నంలో మనల్ని ఎవరూ ఏమీ అడగరు. ఒక్కొక్కప్పుడు అది కూడా సుఖమే.

ఈ సంగతి అత్తమ్మకు ఎట్లా చెప్పాలా అని పదిరోజులు నానుస్తూ కూర్చున్నాం. గోడలకు చెవులుంటాయంటారు, మంచాలకూ వుంటాయి. ఒక పొద్దున ఆమే అన్నది. మాట కొంచెం ముద్దగా వస్తుంది గాని, అర్థం కాకపోవటమంటూ లేదు. "పోయి రాండి. పండక్కి పాప వస్తాది గదా, అది చూసుకుంటాది. వానికి నిద్ర లేక ఎన్ని దినాలాయనో నాకు తెల్దా? కదల్లేను గాని, నాకు కండ్లు కనపడవా?"

పాప అంటే మా ఆడబిడ్డ. సంక్రాంతికి నాలుగు రోజులు ముందుగా పుట్టింటికి రమ్మని ఆమెకు కబురు పెట్టాం. అత్తమ్మ అన్న మాటల్లో "నిద్ర" అన్నదాన్ని నేనప్పుడు పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు ఏదో అంటుంటారు లెమ్మనుకున్నాను.

ఇక హోటళ్ళ వేట. మా వైపు హోటలంటే ఇడ్లీ, దోసె, ఉగ్గాని దొరికే చోటు. పడుకునే చోటును లాడ్జి అంటాం. రెండూ ఒకే కప్పు కింద వున్నదానికి మన పూర్వుల పేరు పూటకూళ్ళిల్లు. 'కన్యాశుల్కం' పుణ్యమా అని పూటకూళ్ళమ్మ పేరు తెలియని తెలుగువాడు లేడు. అంతకు ముందే, వినుకొండ వల్లభరాయుడి పేర వున్న 'క్రీడాభిరామం'లో, కాకతీయుల ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంటి వర్ణన వుంది. ఒక్క రూక ఇస్తే అక్కడ ఏమేమి వడ్డిస్తారో కవి వరసగా చెపుతాడు. మంచి అన్నం, గోధుమపిండి వంట, పప్పు, నెయ్యి, అరటిపళ్ళు, పెరుగు, అన్నీ కలిపి ఒక రూక. ఈ పద్యం పాఠం చెప్పినప్పుడల్లా ఆహారపదార్థాల మీదే నా దృష్టి వుండేది. హోటలు వెతకటం మొదలుపెట్టాక గాని, అది ధరల పట్టిక అని నాకు తట్టలేదు. ఏది ధరలో కలిసి వుందో ముందే చెప్పటం ఆ కాలపు మర్యాద. ఈ కాలంలో అది మనం అడిగి తెలుసుకోవాలి.

అందుచేత మొదటి పాఠం ఇది: ఫోనులో కనిపించే ధరను నమ్మి సంబరపడకండి. ఉదయం ఫలహారం అందులో కలిసి వుందా? పన్ను కలిసి వుందా? ఈ రెండూ అడగండి. పన్ను సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మన డబ్బు జారిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపైతే జి.ఎస్.టి. 5 శాతం. దాటితే 18 శాతం. లెక్క చూడండి. గది 7,500 అయితే పన్ను 375, మొత్తం 7,875. అదే గది 7,600 అనుకోండి, పన్ను 1,368, మొత్తం 8,968. అద్దె నూరు రూపాయలే పెరిగింది, మనం ఇచ్చేది వెయ్యీ తొంభై మూడు పెరిగింది! ఆ గీతకు కాస్త పైన వున్న గది కనిపిస్తే, హోటలుకే ఫోను చేసి, గీత కిందకు వచ్చే గది ఏదైనా వుందా అని అడగటంలో సిగ్గేమీ లేదు. నేను అడిగాను. వుందన్నారు.

భోజనం బిల్లులో 'సర్వీస్ ఛార్జీ' అని ఒక వరస కనిపిస్తే అది పన్ను కాదని గుర్తుంచుకోండి. అడగకుండా దాన్ని బిల్లులో వెయ్యకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ ఉత్తర్వులను సమర్థించింది. వడ్డించిన అబ్బాయికి మీరు సంతోషంగా ఇచ్చుకునేది వేరే సంగతి.

మావారు మొదటిరోజే నవ్వుతూ "ఫలక్‌నుమా" అన్నారు. నేనూ నవ్వాను గాని, ఆ ప్యాలెస్ కథ తిరగేసి చూశాను. 1884లో పునాది వేసి నవాబు వికారుల్ ఉమ్రా కట్టించుకున్న భవనమది. తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్ళింది. కట్టించిన ఆయన ఆ ఇంటి కోసం అప్పులపాలయ్యాడనీ, అప్పుడు భార్య ఒక ఉపాయం చెప్పిందనీ అంటారు. నిజాంను అతిథిగా పిలిచారు. ఆయనకు ఇల్లు నచ్చింది. ఇంకేముంది, "తమదే" అని సమర్పించేసి, నవాబు గౌరవంగా బయటపడ్డాడు. తాజ్ సంస్థ చాలా ఏళ్ళు బాగుచేయించి 2010 నవంబరులో దాన్ని హోటలుగా తెరిచింది. నూటొక్కమంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల వుందక్కడ. "మనం ఇద్దరం. మిగతా తొంభై తొమ్మిది కుర్చీలకు కూడా మనమెందుకు డబ్బు కట్టాలి?" అన్నాను. "నవాబు గారి భార్య కంటే గట్టిదానివి" అన్నారు మావారు.

హాస్యానికి అన్నా, ఇందులో రెండో పాఠం వుంది. పెద్ద హోటలు అద్దెలో ఈతకొలనుకూ, వ్యాయామశాలకూ, సభలు జరిపే హాళ్ళకూ కూడా వాటా వుంటుంది. మనం ఈదం. సభలు పెట్టం. వాడుకోని వాటికి డబ్బిస్తున్నామేమో చూసుకోవాలి.

మూడోది నక్షత్రాలు. వీటిని ఎవరు ఇస్తారో చాలామందికి తెలియదు. కోరిన హోటళ్ళను కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ వారి సంఘం తనిఖీ చేసి, ఒకటి నుంచి అయిదు దాకా, ఆపైన 'అయిదు నక్షత్రాల డీలక్సు' అనీ తరగతులు ఇస్తుంది. ఆ ముద్ర అయిదేళ్ళు చెల్లుతుంది. పాత భవనాలకు 'హెరిటేజ్' అని వేరే తరగతులున్నాయి. ఫోనులో జనం తమకు తోచినట్లు వేసే చుక్కలూ ఇవీ ఒకటి కావు. అయితే ఏ నక్షత్రమూ మీ గది కిటికీ ఏ వైపుకు తెరుచుకుంటుందో చెప్పదు. అది మీరే అడగాలి.

మాకు ఆ అనుభవం వుంది. పెళ్ళయిన కొత్తలో ఒక పట్నంలో ఒక మంచి హోటలే అని దిగాం. పేరెందుకు లెండి. మా గది కిందనే పెళ్ళి హాలు. రాత్రి రెండింటి దాకా బాజాలు. అందుకే ఈసారి పంచాంగం తీశాను. ధనుర్మాసంలో, పుష్యంలో, ఆషాఢంలో మనవాళ్ళు పెళ్ళిళ్ళు చెయ్యరు. అప్పుడు హోటలు హాళ్ళూ కొంత నిశ్శబ్దంగా వుంటాయి, గదులూ తేలికగా దొరుకుతాయి. మాదాపూరు వైపు కంపెనీల పని మీద వచ్చే వాళ్ళతో నిండే హోటళ్ళు శని ఆదివారాల్లో ఖాళీ అవుతాయి. పైగా సంక్రాంతి ముందు హైదరాబాదు సగం ఊళ్ళకు బయలుదేరుతుంది. జనవరి రెండో శనివారం ఖాయం చేసుకున్నాం.

అప్పటికి నా నోటుబుక్కులో ఆరు హోటళ్ళున్నాయి. హుస్సేన్‌సాగర్ కనిపించేవి రెండు, బంజారాహిల్స్‌లో రెండు, మాదాపూరులో ఒకటి, బేగంపేటలో ఒకటి. ఈ చివరిదాని పేరులో 'కాకతీయ' వుందని రాసుకున్నాను. తెలుగు పంతులమ్మ బలహీనత! ఒక్కోదానికీ ఫలహారంలో ఎన్ని రకాలో, కిటికీలోంచి ఏం కనపడుతుందో, స్నానాల తొట్టి వుందో లేదో వరసలు గీసి మార్కులు వేశాను. మొత్తం ఖర్చు ఇరవై వేలు దాటకూడదని నియమం. రెండేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన డబ్బు అది. ఆ డబ్బుతో అమ్మాయి ఫీజులో ఒక కంతు కట్టొచ్చు గదా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, రాత్రిళ్ళు వచ్చింది.

ఒక ఆదివారం ఆళ్ళగడ్డ ఇంటి వరండాలో కూర్చున్నాం. మా వీధి చివర శిల్పుల షెడ్లున్నాయి. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన దేవుళ్ళు ఏయే ఊళ్ళ గుళ్ళకో పోతుంటారు. పూర్వం ఉలి చప్పుడు ఒక్కటే. ఇప్పుడు రాయి కోసే యంత్రాల రొద కూడా తోడైంది. నా నోటుబుక్కు చూసి మావారు, "ఏం కావాలో రాసుకుంటూ పోతే అంతుండదు. ఏం వద్దో రాద్దాం. ఆ షెడ్డులో వాళ్ళు చేసే పని అదే గదా!" అన్నారు. చెరో కాగితం తీసుకున్నాం. ఒకరిది ఒకరు చూడకూడదని ఒప్పందం.

నేను ఎనిమిది రాశాను. వంట వద్దు. ఉదయం కాఫీ నేను కలపకూడదు. పేపర్లు దిద్దకూడదు. పక్కింటివాళ్ళు వద్దు. ఇట్లా. ఆయన కాగితం మీద రెండే మాటలున్నాయి: "మోత. అలారం."

మోత సంగతి వరండాలో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది. అలారం ఏమిటి? అడిగాను. అత్తమ్మను పక్కకు తిప్పటానికి ఆయన ఫోను పదకొండింటికీ, రెండింటికీ, అయిదింటికీ మోగుతుంది. శనివారం రాత్రి నేనున్నప్పుడూ మోగుతుంది. నేను లేవబోతే "నువ్వు పడుకో" అంటారు. నేను పడుకుంటాను. ఆరేళ్ళుగా పడుకుంటున్నాను.

ఆ పూటే నోటుబుక్కులో వరసలు కొట్టేసి, కొత్త ప్రశ్నలు రాసుకున్నాను. గది రోడ్డు వైపా, లోపలి వైపా? లిఫ్టుకు ఎంత దూరం? కింద హాలుందా? జనరేటరు ఎటు వుంది? కిటికీ తెరలు వేస్తే పగలు కూడా చీకటవుతుందా? ఒక్కొక్క హోటలుకే నేరుగా ఫోను చేసి అడిగాను. ఫలహారంలో ఎన్ని రకాలో గుక్కతిప్పుకోకుండా చెప్పినవాళ్ళు, జనరేటరు మాటకు తడబడ్డారు. ఒకచోట మాత్రం ఒకమ్మాయి, "ఉండండి మేడం, పైకి వెళ్ళి చూసి చెపుతాను" అన్నది. పది నిమిషాల తరువాత తనే ఫోను చేసి, తోట వైపు ఆరో అంతస్తులో చివరి గది అని చెప్పింది. చెరువు కనపడదన్నది. కనపడకపోతే ఏం? హోటలు ఖాయమైంది. రోజుకు 7,200, ఫలహారంతో. పన్నుతో రెండు రాత్రులకు 15,120.

ఇంకో జాగ్రత్త. మంచం పట్టిన మనిషి ఇంట్లో వున్నవాళ్ళు, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాని చౌక ధర జోలికి పోవద్దు. నాలుగు వందలు ఎక్కువైనా, చివరిరోజు దాకా రద్దు చేసుకోగలిగిన గదే తీసుకోండి. ఆ నాలుగు వందలు మనశ్శాంతి ధర. సమయం కూడా చూసుకోండి. మామూలుగా పెద్ద హోటళ్ళలో మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చి, వెళ్ళేరోజు పన్నెండింటికి ఖాళీ చెయ్యమంటారు. రెండు రోజులంటే నిజానికి 46 గంటలు. రాత్రి బస్సెక్కి తెల్లవారే దిగితే, సామాను దగ్గర పెట్టుకుని ఎనిమిది గంటలు సోఫాలో కునికిపాట్లు పడాలి.

మేము పొద్దున ఆరింటికి నంద్యాలలో బస్సెక్కాం. పాణ్యం, ఓర్వకల్లు, కర్నూలు. తుంగభద్ర దాటి తెలంగాణ. బీచుపల్లి దగ్గర కృష్ణమ్మకు దండం పెట్టుకున్నాం. అవతలి దారిలో పండగకు ఊళ్ళకు వచ్చే కార్లు బారులు తీరి వున్నాయి. మా దారి ఖాళీ. లోకమంతా ఇంటికి వస్తుంటే మేము ఇంటి నుంచి పోతున్నాం. ఏదో తప్పు చేస్తున్నట్లు అనిపించి, షాద్‌నగర్ దాకా నేను మాట్లాడలేదు.

హోటలు గుమ్మంలో కుర్రాడెవరో నమస్కారం పెట్టి పెట్టె అందుకోబోతే, మావారు ఇవ్వలేదు. ఇద్దరూ కాసేపు గుంజుకున్నారు. తరువాత కౌంటరు దగ్గర ఆధార్ కార్డులు అడిగారు. పెద్దవాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక గుర్తింపు కాగితం వుండాలి, ఇది మరిచిపోకండి. ఆ అబ్బాయి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకదాని మీద ఆళ్ళగడ్డ. ఒకదాని మీద నంద్యాల. మళ్ళీ మమ్మల్ని చూశాడు. పాపం, ఏమీ అనలేదు. చాలా మర్యాదగా, "అడ్రసు... రెండూ రాసుకోమంటారా సార్?" అన్నాడు.

నా ముఖం ఎర్రబడింది. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురానికి రుజువు చూపించాలా అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. మావారు మాత్రం తాపీగా, "రెండూ రాసుకో నాయనా. ఈ రెండు రోజులకూ మాత్రం మీ అడ్రసే" అన్నారు.

గది బాగుంది. తెల్లని పక్క, మందపాటి తెరలు. తలుపు మూయగానే చెవులు మూసినంత నిశ్శబ్దం. నా సంచిలో కార్యక్రమం రాసిన కాగితం వుంది. మూడున్నరకు సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం గోలకొండ. "పది నిమిషాలు నడుం వాలుస్తాను" అన్నారు మావారు. అప్పుడు రెండున్నర.

మూడున్నర అయింది. నాలుగున్నర అయింది. లేపుదామని దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. నిజం చెపుతున్నాను, నాకు వొళ్ళు మండింది. ఏడువేల రూపాయల గదికి నిద్రపోవటానికా వచ్చింది? చాప మీద పోలేమా ఆ నిద్ర? అనుకున్నాను. అనుకోగానే, పోలేరని తెలిసింది. ఆ చాప మీద ఆరేళ్ళుగా ఆయన నిద్రపోలేదు. అత్తమ్మ మంచం మీద నుంచి చూసినది, వారం వారం వచ్చే నేను చూడలేదు. చెంపలు ఎప్పుడు అంత నెరిశాయో కూడా ఆ వేళే చూశాను. తెర ఇంకాస్త దగ్గరకు లాగి, కుర్చీలో కూర్చున్నాను. కింది నుంచి కాఫీ తెప్పించుకున్నాను. వేరే ఎవరో కలిపిన కాఫీ. చల్లారిపోక ముందే పూర్తిగా తాగాను.

రాత్రి రెండింటికి ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. అలారం లేదు, అలవాటు. చేత్తో పక్కన తడుముకుని, "అమ్మ?" అన్నారు. "పాప చూసుకుంటుంది. పడుకోండి" అన్నాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట నేను అన్నాను. మళ్ళీ పడుకుని ఆరింటికి లేచారు.

మర్నాడు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల పక్కన నడిచాం. మొల్ల దగ్గరా, వేమన దగ్గరా నేను ఆగాను. ఏం మాట్లాడుకున్నామంటే చెప్పటానికేమీ లేదు. మా ఇద్దరి ఫోను సంభాషణలు ఆరేళ్ళుగా మూడు మాటల్లో అయిపోతాయి: అమ్మ మాత్రలు, పిల్లల ఫీజులు, గ్యాసు బండ. ఆ పొద్దున ఆయన, "ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడిగారు. పెళ్ళిచూపుల్లో ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు చెప్పటానికి సెక్రటేరియట్ దాకా పట్టింది. గోలకొండ చూడలేదు. మ్యూజియం చూడలేదు. అవెక్కడికీ పోవు.

సోమవారం రాత్రికి ఆళ్ళగడ్డ చేరాం. మా ఆడబిడ్డ తలుపు తీసింది. భోగి పిడకలు వరండాలో ఆరుతున్నాయి. అత్తమ్మ మెలకువగానే వుంది. హోటలు ఎట్లా వుందని అడగలేదు. ఎంతయిందని అడగలేదు. మావారు కాళ్ళు కడుక్కోవటానికి పెరట్లోకి వెళ్ళే దాకా ఆగి, నన్ను దగ్గరకు పిలిచింది.

"నిద్ర పోయినాడా?"

"పోయారత్తమ్మా. రెండున్నరకు పడుకుంటే మర్నాడు ఆరింటిదాకా."

"అట్లయితే దుడ్డు దండగ కాలేదు" అని కళ్ళు మూసుకున్నది.

ఇప్పుడు ఆ రెండింటి అలారం నా ఫోనులో వుంది, శనివారాలకు మాత్రమే. ఆడబిడ్డ కూడా నెలకు ఒక వారం వచ్చి వుంటానన్నది. పెద్ద మార్పేమీ కాదు. రెండు విలాసాలూ రెండుగానే వున్నాయి.

ఉత్తరం రాసిన సోదరికి జవాబు ఇది. హోటలు పేరు అడిగారు. చెప్పను, చెపితే అది నా హోటలవుతుంది. మీది మీరే వెతుక్కోవాలి. పన్ను గీత చూసుకోండి, ఫలహారం సంగతి అడగండి, పంచాంగం తీయండి, రద్దు చేసుకోగలిగిన గదే తీసుకోండి. కాని అన్నిటికంటే ముందు ఒక కాగితం మీ ఆయన చేతికిచ్చి, ఏం వద్దో రాయమనండి. ఒకటి మీరూ రాయండి. పందొమ్మిదేళ్ళయింది గదా, ఆయన ఏం రాస్తారో మీకు తెలుసనే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

నేనైతే నవ్వలేదు. మీరు వెళ్ళి నవ్వుతూ రండి.